గ్రాసియానా విన్న చప్పుడు

గ్రాసియానా ఇతురాల్డేవి పాము చెవులు. అమెరికాలోని నెవాడా కొండల్లో గొర్రెలు కాసే బాస్క్ కుటుంబంలో, అంటే స్పెయిన్ సరిహద్దు కొండలనుంచి వలసవచ్చినవాళ్లింట్లో, పుట్టింది. పొగమంచులో తప్పిపోయిన గొర్రె ఎటు పోయిందో మెడలోని గంట మోతను బట్టే చెప్పేది. ఇరవై రెండో ఏట కొండ దిగి, రీనో పట్నంలోని ఒక జూదశాలలో చేరింది. నడుముకు బరువైన సంచి కట్టుకుని, నాణెం వేసి జూదమాడే స్లాట్ మెషీన్ల మధ్య తిరుగుతూ ఆడేవాళ్లకు చిల్లర ఇవ్వడం ఆమె పని.

1957 వేసవిలో వాకిలి పక్కనున్న మెషీన్ అందరినీ విసిగించింది. మీట లాగితే మూడు చక్రాలూ తిరిగేవి కానీ, నడిమిది ఒక్కోసారి తన మీదున్న రెండు బొమ్మల మధ్య నిలిచిపోయేది. మెకానిక్ ఓర్వల్ టీగ్ మూడుసార్లు విప్పి, నూనె వేసి మూశాడు. నాలుగోసారి విప్పబోతుంటే గ్రాసియానా ఆగలేకపోయింది.

“పెద్దాయనా, అది నూనె కోసం ఏడవట్లేదండీ.”

“మరి దేనికోసం ఏడుస్తోందట? నీతో చెప్పుకుందా?”

“చక్రాలు ఆగేటప్పుడు టక్, టక్, టక్ అనాలి కదా. ఇది టక్, టప్, టక్ అంటోంది. నడిమిదాన్ని ఆపే చోట ఏదో వదులైంది.”

“ముప్పై ఏళ్లనుంచి వీటి కడుపులు కోస్తున్నానమ్మాయ్. తాతకు దగ్గులు నేర్పకు.”

అన్నాడే గానీ, చూడకుండా ఉండలేకపోయాడు. నడిమి చక్రాన్ని పట్టి ఆపే కొక్కెం దగ్గర స్ప్రింగు వెంట్రుకవాసి చీలి ఉంది. ఓర్వల్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత ఆమెను వరస పొడవునా నడిపించి, ఏ మెషీన్‌కు ఏ జబ్బో చెప్పమన్నాడు. ఆమె నాలుగింటిని చూపించింది.

“ఆ చివరిది నిన్ననే బాగుచేశాను,” అన్నాడు ఓర్వల్.

“ఇంకా బాగవలేదండీ.”

ఓర్వల్ పగలబడి నవ్వి, తన స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు.

మేనేజర్ ప్రూయిట్‌కు ఇది నచ్చలేదు. “ఆడపిల్ల రిపేరు చేస్తుంటే జనం నవ్వుతారయ్యా.”

“నవ్వనివ్వండి సార్,” అన్నాడు ఓర్వల్. “ డబ్బులు పోగొట్టుకుని ఏడ్చేవాళ్లు కాసేపు నవ్వితే నష్టమా?”

అలా ఆమె పనిబల్ల దగ్గర చేరింది. ఓర్వల్ మరలతోపాటు వాటి కథలూ చెప్పేవాడు. “చక్రాల మీద ఈ చెర్రీలు, ప్లమ్ పళ్లు ఎందుకున్నాయనుకున్నావ్? చట్టం ఒప్పుకోని రోజుల్లో, ఇది జూదం కాదు, చూయింగ్ గమ్ అమ్మే పెట్టె అని బుకాయించారు. ఏ పండు రుచి గమ్ అయితే ఆ పండు బొమ్మ. గమ్ పోయింది, పళ్లు మిగిలాయి.”

1964లో కరెంటు మెషీన్లు వచ్చాయి. పెద్ద బహుమతి తగిలినా మనుషులు లెక్కపెట్టి ఇవ్వక్కర్లేదు, అదే గుమ్మరిస్తుంది. ఓర్వల్ మెషీన్ తలుపు తీసి చూసి, నీరసంగా కూలబడ్డాడు.

“అన్నీ తీగలే. ఇక నేను ఇంటికి పోవడం మేలు.”

గ్రాసియానా వారం రోజులు ఆ తీగల పటాలు ముందేసుకుని, ఒక్కో తీగ వెంట వేలుపెట్టి నడిచింది. తర్వాత ఓర్వల్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“రండి. ఇప్పుడు నేర్పుతాను దగ్గులు.”

ఆయన గొణుగుతూనే నేర్చుకున్నాడు.

కొత్త మెషీన్‌ను చాలామంది నమ్మలేదు. ఒక శనివారం మధ్యాహ్నం డెల్ఫా అనే లాండ్రీ ఉద్యోగిని మాత్రం ధైర్యం చేసి మీట లాగింది. మూడు చక్రాల మీదా గంట బొమ్మలే వరసకట్టాయి. నాణేలు కురవడం మొదలై ఆగలేదు. పళ్లెం నిండి, నేలమీద దొర్లాయి. డెల్ఫా టోపీ పట్టింది, అదీ నిండింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వంగి ఏరి ఆమెకే అందించారు. కూతురి పని చూద్దామని ఆ రోజే కొండ దిగిన తండ్రి బెన్యాట్ నోరు తెరిచాడు.

“ఇది నువ్వు బిగించిందేనా తల్లీ?”

“అవును నాన్నా. ఓర్వల్ గారూ నేనూ.”

ఆ సాయంత్రం బాస్క్ భోజనశాలలో పొడవాటి బల్ల దగ్గర గొర్రెమాంసం పులుసు, రొట్టె, ఎర్ర వైను మధ్య బెన్యాట్ ప్రతి పరిచయస్తుడికీ ఆ సంగతి చెప్పాడు. కొందరికి రెండుసార్లు.

ఆరేళ్లకు ఓర్వల్ ఉద్యోగం విరమించాక పనిశాల పెద్దగా గ్రాసియానాను నియమించింది ప్రూయిట్ గారే. ఆమె మొదటివారమే చిల్లర ఇచ్చే అమ్మాయిల్లోంచి ఇద్దరిని ఎంచి, స్టూళ్లు వేసి కూర్చోబెట్టి, చెరొక మెషీన్ విప్పమంది.