వెనక వైపు ముద్ర

పోయిన నెల మా వదిన ఫోన్ చేసి, మన ఊరి పోస్టాఫీసు ఈ నెలాఖరుతో బందవుతున్నదని, ఇక మీద పనంతా పక్క ఊరి ఆఫీసులో కలిపేస్తున్నారని చెప్పి, చెబుతూ చెబుతూనే ఏడ్చింది. నేను అయ్యో అన్నాను, అనాలి కాబట్టి. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, సేమియా వేయించి, పాలు పోసి, జీడిపప్పు కూడా వేసి పాయసం చేసుకుని, షుగరున్న సంగతి పక్కన పెట్టి రెండు గిన్నెలు తిన్నాను. నా ఈడు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పోస్టాఫీసు పోతున్నదంటే మనకు ప్రాణం ఉసూరుమంటుంటే ఈమె పాయసం తినడమేమిటి, మతి గాని పోయిందా అనుకుంటారు. అనుకోండి, కాని ముందు నా మాట కూడా వినండి.

మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడిస్తే మా పుట్టిల్లు. ఆ ఊళ్లో పోస్టాఫీసంటే విడిగా కట్టడమేమీ కాదు, మా బాపుకు సొంత అన్న అయిన పెద్దబాపు ఇంటి ముందర గది. పోస్టుమాస్టరు ఆయనే. పొద్దున్నే చేవెళ్ల బస్సులో టపా సంచి వచ్చేది. అది వచ్చేలోపే ఆయన స్నానం చేసి, ముద్రలోని తేదీ అంకెలు మార్చి, చిత్తు కాయితం మీద ఒకసారి గుద్ది సరిగ్గా పడిందో లేదో కళ్లద్దాలు పైకెత్తి చూసుకునేవాడు. సంచి విప్పాక ప్రతి ఉత్తరాన్నీ బోర్లా తిప్పి, ఇది మా ఊరికి ఫలానా రోజున చేరిందని వెనక వైపు టప్పుమని ముద్ర కొట్టి, ఆ తరువాతే పేరు పిలిచేవాడు. అరుగు మీద కూర్చున్న వాళ్లంతా ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్లం. ఇరవై చప్పుళ్లు వినిపించిన రోజు ఊరికి పండగే.

నిజం చెప్పాలి గదా, ఆయనంటే నాకు చాలా ఇష్టముండేది. చదువు రాని ఆడవాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టేవాడు, బొంబాయికి కూలికి పోయిన మొగుడు రాసిన దాంట్లో తిట్లుంటే అవి మింగేసి, పిల్లలు జాగ్రత్త అని లేని మాటొకటి చేర్చేవాడు. అప్పుడు అది ఎంతో మంచితనంగా తోచేది. ఎవరి ఉత్తరంలో ఎంత ఎవరికి చేరాలో తానే తేల్చే అలవాటు ఆయనకు అక్కడే పట్టిందని నాకు తరువాత అర్థమైంది.

ఇంటరు పాసైన ఏడు నేను పట్నంలో పెద్ద దవాఖానలో నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాను. బాపు ఒప్పుకున్నాడు. పెద్దబాపు మాత్రం, మన ఇంటి ఆడపిల్ల పరాయి మగవాళ్ల పుండ్లు కడుగుతదా అని నలుగురిలో ఒకసారి అన్నాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తలేదు కాబట్టి సరే అన్నట్టేనని మేము అనుకున్నాం, మా అంత అమాయకులు ఇంకెవరుంటారు. ఇంటర్వ్యూ కార్డు కోసం రోజూ ఆ అరుగు మీద కూర్చున్నాను. రోజూ ఆయన సంచి దులిపి చూపించి, ఏం రాలేదు బిడ్డా అని, నా ముఖం చూసి ఇంట్లోంచి బెల్లం ముక్క తెప్పించి ఇచ్చేవాడు. ఆ బెల్లం తిన్నానే అన్న కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు.

ఒకరోజు ఆయనే మా ఇంటికి నడిచొచ్చి కవరు చేతిలో పెట్టి, పై ఆఫీసులో ఆలస్యమైనట్టున్నది, నీకు రాసిపెట్టి లేదు అన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయి అప్పటికి వారమైంది. బాపు తల పట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి కవరు పక్కన పడేయబోతూ తిప్పి చూశాను. వెనక మా ఊరి ముద్ర గుండ్రంగా, ఒక్క అక్షరం కూడా చెదరకుండా ఉన్నది. దాని మీద తేదీ ఇరవై రెండు రోజుల కిందటిది. రావలసిన రోజుకే వచ్చింది. దాచడానికి పక్కన పెట్టబోయే ముందు కూడా ఆయన చెయ్యి దాన్ని అలవాటుగా బోర్లా తిప్పి ముద్ర కొట్టేసింది.

అవ్వకు, అంటే మా అమ్మకు, చూపించాను. ఆమెకు చదువు రాదు గాని అంకెలు తెలుసు. చాలాసేపు చూసి కవరు నా ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి మూత వేసింది.

"ఈ ముచ్చట మీ బాపు చెవుల పడితే అన్నదమ్ములు రెండైతరు. ఇద్దరికి బాయి ఒక్కటే ఉన్నది బిడ్డా."

మా పొలానికి నీళ్లు ఆ ఉమ్మడి బావి నుంచే రావాలి, మోటరు పెద్దబాపు పేరు మీదే ఉన్నది. నేను నోరు మూసుకున్నాను. ఆ ఏడాదే నన్ను మొయినాబాద్ పక్క ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు, పెద్దబాపే దగ్గరుండి పందిరి వేయించాడు, నేను ఆయన కాళ్లకు మొక్కాను కూడా. మొక్కుతూ ఆ ముద్రనే తలుచుకున్నాను.

నోరు మూసుకున్నాను గాని చేతులు కట్టుకోలేదు. అప్పటి నుంచి ఆయన ఆఫీసు డబ్బాలో ఒక్క కార్డు ముక్క వేయలేదు. పుట్టింటికి పోయినప్పుడల్లా ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు ఉత్తరాలు రాసి పెట్టి, వాటన్నిటినీ బట్ట సంచిలో వేసుకొచ్చి మొయినాబాద్‌లో వేసేదాన్ని. మీకు వచ్చేవి నా అత్తగారింటి చిరునామాకు రాయించుకోండి, నేను తెచ్చిస్తాను, ముందుగా ఎవరూ విప్పరు, మీరు చదవమంటేనే ఉన్నదున్నట్టు చదువుతాను అని ఒక్కొక్కరి చెవిలో వేశాను. విప్పకుండా వచ్చిన ఉత్తరం రుచి ఏమిటో వాళ్లకు తెలిసింది. ఆయన సంచి సన్నబడుతూ వచ్చింది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు, మీ ఊళ్లో జనం రాయడం మానేశారా ఏమిటని అడిగాడట, ఆ సంగతి పెద్దబాపు దిగులుగా చెబుతుంటే ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ విన్నాను. అంత కమ్మటి చాయ్ నేను మళ్లీ తాగలేదు.

తరువాత చౌరస్తాలో ఎస్టీడీ డబ్బా వచ్చింది, ఆ తరువాత చేతిచేతికీ సెల్లు ఫోన్లు వచ్చాయి. నా బట్ట సంచి కూడా వెలవెలబోయింది. జనం ఆ ఆఫీసును నాలాగా పగబట్టి వదల్లేదు, ఊరికే మరిచిపోయారు, అది నాకు పెద్ద దెబ్బ. ఆయన రిటైరై, ఆ పని ఆయన కోడలికి, అదే ఫోన్ చేసిన మా వదినకు వచ్చింది. బాపు పోయాడు, అవ్వ పోయింది, బావి ఎండిపోయింది, ఆ పొలాలు ప్లాట్లయ్యాయి. ఇన్ని పోయినా ఆయన మాత్రం తొంభైకి దగ్గరపడి అదే అరుగు మీద కూర్చునే ఉన్నాడు, నా కవరు ట్రంకులోనే ఉన్నది.

ఆఫీసు మూతపడుతున్నదని తెలిశాక నాకు ఒకటే పట్టుదల పుట్టింది. ఆ కవరును కొత్త కవరులో పెట్టి ఆయన పేరు రాసి, రిజిస్టరు చేసి పంపాలి. ముట్టినట్టు ఆయన సంతకం పెట్టిన కార్డు తిరిగి నా చేతికి రావాలి. ఇన్నేళ్లు దాచినదాన్ని చివరికి పోస్టుకే అప్పగిస్తున్నానే అనుకుంటూనే, ఒక పెద్ద పోస్టాఫీసుకు పోయి వరుసలో నిలబడ్డాను. కౌంటరులోని పిల్ల, రిజిస్టరు అని విడిగా ఇప్పుడు లేదమ్మా, స్పీడ్ పోస్టులోనే పోతది, ముట్టంగనే మీ ఫోనుకు మెసేజ్ వస్తది అన్నది. సంతకం కార్డు సంగతి రెండు మూడుసార్లు అడిగితే, నా వెనక ఉన్నవాళ్లు విసుక్కున్నారు. మూడో రోజు ఫోను కుయ్యిమన్నది. ముట్టిందని ఇంగ్లీషులో ఒక ముక్క. ఎవరి చేతికి ముట్టింది, తీసుకున్న చెయ్యి వణికిందా లేదా, అదేమీ లేదు. ఒళ్లు మండిపోయి, ఆఫీసు ఆఖరి రోజున నేనే బయలుదేరి పోయాను.

ముందర గదిలో వదిన సామాను లెక్కచూసి మూట కడుతున్నది. ఉత్తరం ముట్టినట్టు మామ సంతకానికి బదులు తన ఆఫీసు ఫోను మీద వేలితో గీత గీశాడని, అప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని, దాంట్లో ఏమున్నదని నన్ను అడిగింది. నేను అరుగు వైపు తిరిగాను. పెద్దబాపు అరుగు మీద ఉన్నాడు, కవరు ఒళ్లో బోర్లా పెట్టుకుని. నన్ను చూసి వేలు ఆ ముద్ర మీద పెట్టాడు.

"నేను కొట్టిందే. తప్పు చేస్తున్నని ఎరికే, గని వచ్చిన కాయితం మీద ముద్ర కొట్టకుంట ఎట్ల పెట్టాలె? చెయ్యి ఆగలే బిడ్డా."

నలభై ఏళ్లుగా కూడబెట్టిన తిట్లు నా నోట్లో ఉన్నాయి. బయటికి ఒకే ఒక్క మాట వచ్చింది.

"ఇంకో ముద్ర కొట్టు పెద్దబాపు, ఇచ్చిన దినంది."

వదినకు ఏమీ అర్థం కాలేదు గాని, మామ చెయ్యి చాస్తే ముద్ర తెచ్చి ఇచ్చింది. దానిలో ఆ రోజు తేదీ ఉన్నది. ఆయన కళ్లద్దాలు పైకెత్తుకుని, పాత ముద్ర పక్కనే ఖాళీ చూసుకుని గుద్దాడు. టప్పుమన్నది. అదే చప్పుడు. కవరు నా చేతికిచ్చేటప్పుడు, అలవాటుగా నా పేరు పిలిచాడు. వచ్చిన తేదీ ఒకటి, ఇచ్చిన తేదీ ఒకటి, మధ్యన నా వయసంతా. క్షమించానా అంటే లేదు, ఆయన అడగనూ లేదు. కాని బస్సులో ఇంటికొస్తూ దారంతా ఏడ్చాను, ఆ చప్పుడు ఇక వినబోనని.

మొన్న మా మనవరాలికి నర్సింగులో సీటొచ్చింది. ఏ పెద్దబాపు గడప తొక్కకుండా, నేరుగా దాని ఫోనులోకే వచ్చింది, అందుకు నాకు కడుపు నిండింది. చూడు అమ్మమ్మా అని ఫోను నా చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి ఏ ఉత్తరం వచ్చినా ముందు వెనక వైపే చూడటం నాకు అలవాటు. ఫోను బోర్లా తిప్పి చూశాను. నల్లటి అద్దం మీద నా ముఖం తప్ప ఏమీ లేదు.