మేజర్ గారిని అడగని మాట

నిన్న బూట్లు బాగుచేసే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే నల్ల పాలిష్ వాసన గుప్పుమంది. కాళ్లు ఆగిపోయాయి. మా మేజర్ గారు పొద్దున్నే వరండాలో బూట్లు తుడుచుకుంటుంటే వచ్చే వాసన అది.

వై2కే కంప్యూటర్ పని మీద మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, ఊరి శివారు వెర్రిబీలో ఆయన ఇంటి వెనక వాటాలో నేనూ, మా ఆవిడ శారదా అద్దెకున్నాం. ఆయన ఇంగ్లండులో సైనికుడు. గాయపడ్డాక రాణిగారి కొలువులో చాలా ఏళ్లు పనిచేశారు. భార్య పోయాక ఇక్కడ ఒంటరిగా ఉండేవారు. రాజభవనం కబుర్లు చెప్పమని ఎంత బతిమాలినా నోరు విప్పేవారు కాదు. కొలువు మర్యాదలు మాత్రం నేర్పారు. రాణిగారికి వీపు చూపకుండా వెనక్కి నడిచి బయటకు రావాలట. ఆవిడ పలకరించేదాకా మాట్లాడకూడదట, ప్రశ్నలు అసలే వేయకూడదట. ఓసారి అలవాటు కొద్దీ "తిన్నారా సార్?" అన్నాను. "అది నా సొంత విషయం కదా" అన్నారు మెత్తగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఎవరినీ ఏమీ అడగడం మానేశాను. ఆఫీసులో వాగుడుకాయనన్న పేరు పోయి, పెద్ద మీటింగులకు పిలుపులొచ్చాయి. తెగ మురిసిపోయాను.

మరుసటి చలికాలానికి ఆయన కోటు వదులైంది. ముందు కనిపెట్టింది శారదే.

"ఏవండీ, అంకుల్ బాగా వీక్ అయిపోయారు. డాక్టర్‌కి చూపించుకున్నారో లేదో ఒక్కసారి అడగండి."

"ఆయనంతట ఆయన చెప్పాలి. మనం అడిగితే బాగోదు."

తను పప్పన్నం పట్టుకెళ్తానన్నా వద్దన్నాను. రోజూ ఆ పీక్కుపోయిన చెంపలు చూస్తూనే, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి ట్రైనుకు పరిగెత్తేవాణ్ణి. ఎంత పెద్దమనిషినో!

ఒక ఆదివారం పొద్దున ఆయన వంటింట్లో పడిపోయి ఉన్నారు. గొంతులో కణితి, మింగుడుపడక నెలల తరబడి పాలతోనే నెట్టుకొచ్చారని ఆసుపత్రిలో తెలిసింది. ముందే వచ్చి ఉంటే బతికేవారన్నాడు డాక్టర్. ఆఖరి రోజున పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నారు. మాట వినపడీ వినపడనట్టుంది.

"నాకు చెప్పడం రాదు. నువ్వు మళ్లీ అడుగుతావనుకున్నాను."

ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు ఏడ్చానో. అయినా మారలేదు. మా అబ్బాయి ఈమధ్య యూనివర్సిటీ నుంచి ముఖం వేలాడేసుకుని వస్తున్నాడు. ఏమైందిరా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. వాడు తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. నేను బయటే నిలబడి ఉంటాను.