గొర్రెల వెనక నడిచిన డాక్టరమ్మ

మా పశువుల డాక్టరమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ధర్మవరం అవతల, శెనక్కాయ పీకేసిన చేలో మంద దగ్గర ఉన్నాను. నా కొడుకు ఫోను విని నా వైపు చూశాడు, మళ్లీ నేల చూశాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. మందను వాడికి అప్పగించి, రైలెక్కి హిందూపురం పోయాను.

ఆమె ఇంటి ముందర జనం నిండిపోయి ఉన్నారు. సగం మంది మాలాంటి గొర్రెలవాళ్లే. వాకిట్లో కుర్చీలో కూర్చున్న ఆమె బంధువు ఒకాయన పక్కాయనతో అంటున్నాడు. "పరదేశంలో చదివొచ్చిన మనిషి. యాడన్నా పెద్ద ఉద్యోగం చేసుకోవాల్సింది. జీవాల వెనకాల తిరిగి ఆ చదువంతా మట్టిపాలు చేసుకునె."

మా వైపు గొర్రెల్ని, మేకల్ని జీవాలంటాం. ఆ మాటకు అక్కడే జవాబు చెప్పేదాన్నే. పీనుగ ఇంట్లో ఉండగా గొడవ వద్దని నోరు మూసుకుని వచ్చేశాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తున్నది. ఆ చదువు మట్టిపాలు అయిందో లేదో చెప్పాల్సింది మేము. దాని ఫలం తిన్నది మేము.

ఆమె పెనుకొండ ఆసుపత్రికి కొత్తగా వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు అసలు నచ్చలేదు. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆమె ఇంకా పెళ్లి కాని పిల్ల. మా ఊరికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి, "ఊరూరూ తిప్పేది మానుకోండి. కొట్టం కట్టి ఒకచోటనే మేపండి. ఎంతకాలం ఈ పాత పద్ధతి" అంది.

"ఈ రాళ్ల నేలలో ఒకచోట ఏం మేపేది, నీ పుస్తకమా?" అన్నాను.

నేను వినలేదు గానీ మా బావ విన్నాడు. కొట్టం కట్టాడు. వానలు పట్టుకున్నాయి. లోపలంతా బురద, ఆ బురదలో గిట్టలకు పుండ్లు. తొమ్మిది జీవాలు చచ్చిపోయాయి. నేను ఆసుపత్రికి పోయి, అందరి ముందర ఆమెను కడిగేశాను. ఆమె అప్పుడే లేచింది. మందు పెట్టె తీసుకుని నా వెంట నడిచి వచ్చి, మిగిలిన జీవాల గిట్టలు తన చేతులతోనే కడిగింది.

తర్వాత కొన్నాళ్లకు స్పెయిన్ దేశంలో చదువుకోవడానికి ఆమెకు అవకాశం వచ్చింది. గొర్రెల మీదే చదువంట. చెప్పిపోదామని వస్తే అప్పుడూ నేను ఊరుకోలేదు. "పోయిరా తల్లీ. మిషన్‌తో గొర్లు మేపేది నేర్చుకునొచ్చి మా కడుపులు కొట్టు" అన్నాను.

రెండేళ్ల తర్వాత ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. చాప వేయబోతే వద్దని నేల మీదే కూర్చుంది.

"అక్కా, ఆ పొద్దు నేను చెప్పింది తప్పు."

"ఈ మాట చెప్పేదానికి అంత దూరం పోవాల్సి వచ్చెనా?"

"పోకుంటే తెలిసేది కాదక్కా. ఆడ కూడా ఎండాకాలం వస్తే జీవాల్ని కొండలకు తోలుకుపోతారు. మాకు పాఠం చెప్పే పెద్ద సారు ఒక ముసలి గొర్రెలాయన వెనకాల నడుస్తా, ఆయన చెప్పిందల్లా రాసుకుంటాండె. మమ్మల్ని కూడా రాసుకోమనె. ఈడ ఉన్నన్నాళ్లు మిమ్మల్ని మాత్రమే చూసి, తెలీక చేస్తాండారు అనుకుంటి. ఆడ వాళ్లను చూసినంక నాకు మీరు కనపడినారు."

ఆ ముసలాయన ఫోటో చూపించింది. నల్ల కోటు, నెత్తిన గుండ్రటి టోపీ. కర్ర చంక కింద ఆనించి, ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు.

"ఏమ్మా, అంత దూరం పోయి మా నాయన్ను చూసొచ్చినావే" అన్నాను. ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

అప్పటి నుంచి ఆమె మనిషే మారిపోయింది. ఏ గడ్డికి ఏ పేరు, ఏ ఆకు తింటే పాలు పడతాయి, ఏ ఆకు తింటే కడుపు ఉబ్బుతుంది, అన్నీ అడిగేది. "నువ్వు చెప్పక్కా, నేను రాసుకుంటా" అనేది. ఊరికే రాసుకుని పోయేది కూడా కాదు. నేను చెప్పిన ఆకు తప్పైతే తప్పని మొహం మీదే చెప్పేది. చలికాలం పొద్దున చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకుంటే గానీ చూడి గొర్రె పొట్ట ముట్టేది కాదు. మా సంగటి తిన్నాక గిన్నె తనే కడిగి బోర్లించేది.

ఆ తర్వాత మాకు పెద్ద కష్టం వచ్చింది. ఊరి నుంచి కొండకు పోయే మా బాటకు అడ్డంగా ఇళ్ల ప్లాట్లు అమ్మేవాళ్లు కంచె వేశారు. ఇంక మిగిలింది లారీలు తిరిగే పెద్ద రోడ్డు. మొదటి వారంలోనే నాలుగు గొర్రెలు చక్రాల కింద పడ్డాయి. ఆ బాట పోతే మందలు అమ్ముకుని కూలికి పోవడమే. తాసిల్దారు ఆఫీసుకు పోయి మొర పెట్టుకుంటే, కాగితంలో బాట లేదన్నారు. మళ్లీ పోయినప్పుడు డాక్టరమ్మ మా వెంట వచ్చింది.

"నేను చదివొచ్చిన దేశంలో గొర్రెల బాటకు చట్టం ఉండాది సార్. దాన్ని ఎవరూ మూసేదానికి లేదు" అంది.

"ఇది ఆ దేశం కాదు మేడమ్" అన్నాడు ఆఫీసరు.

"గొర్రె ఆ గొర్రే సార్. సర్వేయర్ని పంపండి. బాట మేము చూపియ్యం. జీవాలే చూపిస్తాయి."

ఆయన నవ్వాడు గానీ పంపాడు. కంచె ఒక్కరోజు తీయించారు. నేను మందను వదిలి వెనక్కి వచ్చి నిలబడ్డాను. అదిలించలేదు, ఈల కూడా వేయలేదు. ముందు నడిచే ముసలి గొర్రె తల వంచుకుని వంక దాటింది, రెండు రాతిగుండ్ల మధ్య దూరింది, నేరుగా కొండ ఎక్కింది. మంద మొత్తం దాని అడుగులోనే పోయింది. కొలిచే గొలుసు పట్టుకుని సర్వేయరు, ఆ వెనక ఆఫీసరు, అందరి వెనక దుమ్ములో మా డాక్టరమ్మ. ఆ రోజు ఆమెను చూసి నాకు కలిగిన గర్వం నా కొడుకు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

అది అంతటితో కాలేదు. కాగితంలో బాట ఎక్కించడానికి ఇంకో రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. సొంత డిపార్ట్‌మెంటు వాళ్లే గొర్రెల మేడమ్ అని ఎగతాళి చేశారు. "అననీ అక్కా, ఉన్న మాటే కదా" అనేది.

హిందూపురంలో కుర్చీలో కూర్చుని మాట్లాడిన ఆ పెద్దమనిషికి నేను చెప్పేది ఇదే. అప్పా, ఆమె సముద్రాలు దాటి పోయింది కాబట్టే ఆమెకు మా వాకిలి కనిపించింది. మీ పిల్లలు కూడా పోతామంటే పంపండి. అట్లాంటి చూపుతో ఒక్కరు తిరిగొచ్చినా ఒక ఊరు బతుకుతుంది.

మా బాటకు రెండు పక్కలా ఇప్పుడు హద్దురాళ్లు ఉన్నాయి. పాతినప్పుడు వాటి అంచులు చెయ్యి కోసుకునేంత పదునుగా ఉండేవి. మంద ఊళ్లో ఉన్నన్నాళ్లూ రోజూ పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మా గొర్రెలు వాటికి ఒళ్లు రుద్దుకుంటాయి. గొర్రె పక్క తగిలేంత ఎత్తులో ఆ రాళ్లు నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి. పైన మాత్రం ఇంకా గరుకుగానే ఉన్నాయి.