అమ్మ కొంగు కప్పుకోకుండా నడిచిన మధ్యాహ్నం

వాన పడ్డ రోజు పిల్లలు తడిసి వచ్చి కూర్చుంటే తరగతి గదిలో తోలు బెల్టుల వాసన లేస్తుంది. బోర్డు మీద రాస్తున్న నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతుంది.

తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన కుటుంబం మాది. రేవు పక్కన హాడో పేటలో రేకుల ఇల్లు. నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా రేకుల మీద మోగుతూనే ఉండేది. తెరిపిచ్చిన కాసేపట్లోనే చెల్లీ నేనూ పోకచెట్ల కింద గవ్వతో తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. లోపల నాయనమ్మ పెట్టిన ఎండుచేపల పులుసు ఉడుకుతూ, ఆ ఘాటు వీధి మలుపు దాకా వచ్చేది. తలుపు వెనక మేకుకి వేలాడే నాన్న బెల్టు ఆ చెమ్మకి బూజు పట్టి కంపు కొట్టేది. తాగి వచ్చిన రోజు అది మేకు దిగేది. మర్నాడు ఎవరైనా అడిగితే, మెట్ల మీద జారానని అమ్మ చెప్పేది.

నా పన్నెండో ఏట వినాయక చవితి మధ్యాహ్నం, ఉండ్రాళ్ళు ఇంకా ఆవిరి మీద ఉండగానే నాన్న వచ్చాడు. తన కోసం ఆగకుండా పూజ మొదలుపెట్టారన్నది ఆనాటి సాకు. పొయ్యి మీది గిన్నెను కాలితో తన్నాడు. అమ్మను జుట్టు పట్టి ఈడ్చి, తల రుబ్బురోలుకేసి కొట్టాడు. మేకు మీది బెల్టు అందుకుని మళ్ళీ కొట్టబోతుంటే నేను అమ్మ మీద పడ్డాను. బెల్టు బకిలు నా కనుబొమను చీల్చింది. నెత్తురు కంట్లోకి కారుతుండగా పక్కింటికి పరుగెత్తాను.

"ఘర్ కా మామ్లా హై, బేటీ," మీ ఇంటి గొడవ మీదే అన్నట్టు అన్నాడు ఆ ఇంటాయన, నా మొహం చూస్తూనే కిటికీ మూసేస్తూ.

తిరిగి వచ్చేసరికి నాన్న అలిసిపోయి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ లేచింది. మొహం కడుక్కోలేదు. నా చెయ్యి పట్టుకుని గడప దాటింది.

"ఎక్కడికే?" అన్నాడు నాన్న.

"ఆస్పత్రికి. అందరూ సూడనీ."

పత్రి, పూలు కొనేవాళ్ళతో కిక్కిరిసిన అబర్డీన్ బజార్ మధ్యలోంచి, చీరంతా నెత్తురు మరకలతో, కొంగు నెత్తి మీదికి లాక్కోకుండా అమ్మ నడిచింది. జనం పక్కకి తప్పుకున్నారు. నేను తల దించుకుంటే నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆస్పత్రిలో నర్సు, జారి పడ్డావా అన్నట్టు, "గిర్ గయీ క్యా?" అని అడిగింది.

"నహీ దీదీ. మేరే ఆద్మీనే మారా."

నా మొగుడు కొట్టాడని అమ్మ నోట మొదటిసారి విన్నాను. నా కనుబొమకి కుట్లు వేస్తూ నన్నూ అడిగారు. నేనూ నిజమే చెప్పాను.

సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి నాన్న ట్రంకుపెట్టె వీధిలో ఉంది. గుమ్మంలో నాయనమ్మ కత్తిపీటతో నిలబడి ఉంది. పెట్టె పక్కనే ఉన్న నాన్న కన్నతల్లి మీదికీ చెయ్యెత్తాడు. ఆవిడ కదల్లేదు.

"కొట్టరా. కొట్టినా సరే, ఈ గడప మాత్రం తొక్కలేవు," అంది.

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి, నోటుపుస్తకం చింపిందని చెల్లిని కర్రతో బాదాను. ఏడుపు ఆగాక కూడా బాదుతూనే ఉన్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని నా కళ్ళ ముందుకి తెచ్చింది.

"ఈ సెయ్యి ఎవుడిదో సూడే."

చూశాను. కర్ర జారిపోయింది. నాలోంచి ఆ చేతిని వదిలించుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఇదే ఊళ్ళో డెలానీపూర్‌లో అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాయనమ్మ పోయింది. హాడోలో మా వరుస ఇళ్ళు కూల్చి మేడలు కట్టారు. పోకచెట్లు కొట్టేశారు. వాటితో పాటు ఆ భయం పోయినందుకు మాత్రం నాకు బాధ లేదు. సాయంత్రం గేటు చప్పుడైతే మా ఇంట్లో ఎవరూ గొంతు తగ్గించరు.