దేవి కళ్ళు ఏ వైపు తిరిగాయి

మండవల్లి అవతల చేపల చెరువుల మీద ముత్యాలరాజంత చదువుకున్నవాడు లేడు. చదువుని అంత గొప్పగా మధ్యలో వదిలేసినవాడూ లేడు. ఏలూరులో డిగ్రీ రెండో ఏడు క్లాసులోంచి లేచి వచ్చేస్తుంటే జువాలజీ లెక్చరరు గేటుదాకా వెంటపడి బతిమాలాడని అతనే చెబుతాడు. శ్రోతలు కాస్త ఓపిక పడితే ప్రిన్సిపాలు కూడా ఏడుస్తాడు. ఆ తరవాత అతనికి దొరికిన పని, దోనె మీద తిరుగుతూ చెరువులో మేత సంచులు కట్టడం.

మధ్యాహ్నాలు గట్టు మీది పాకలో పడుకుని ఫోను చూస్తూ చూస్తూ ఒకరోజు మెదడు శాస్త్రవేత్తల గుంపులోకి వెళ్ళి పడ్డాడు. దేశదేశాలవాళ్ళు అక్కడ పాఠాలు పెడతారు, ప్రశ్నలు వేసుకుంటారు, వాదించుకుంటారు. ముత్యాలరాజు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయితేనేం, తెలుగులో చెబితే ఫోనే ఇంగ్లీషు చేసి రాసేది. జవాబొస్తే తెలుగు చేసి పైకి చదివేది. భార్య దేవి వాడే కత్తిపీట మీద బొచ్చె చేప తల చీల్చి, మెదడు ఫొటో తీసి పెట్టాడు. జర్మనీ నుంచి ఒకావిడ మెచ్చుకుంది. ఆ సాయంత్రానికల్లా అతని పేరు పక్కన 'డైరెక్టర్, కొల్లేరు మత్స్య మెదడు పరిశోధన కేంద్రం' అని వెలిసింది. కేంద్రానికి తాటాకు కప్పు. లోపల తవుడు బస్తాలు.

"ఏరా డైరెక్టరూ, మా ఆవిడకి మెదడుందో లేదో కాస్త కనుక్కోరా" అనేవాడు తోటి పనివాడు వీరాస్వామి.

"ఉందిరా. నిన్ను చేసుకున్న రోజు సెలవు పెట్టింది."

దేవి ఆకివీడులో చేపల ప్యాకింగుకి వెళ్ళేది. ఎండలు ముదిరేసరికి ఆమెకి లేస్తూనే తలనొప్పి, ఒక వాంతి, ఆపైన గోడ పట్టుకోకుండా నిలబడలేకపోవడం మొదలయ్యాయి.

"కళ్ళు తిరుగుతున్నాయండీ" అంది మొగుడితో.

ఆమె తల్లి వెంకటనరసమ్మ ఆ పూట అక్కడే ఉంది. "ఏలూరు తీసుకెళ్ళి చూపించండి బాబూ" అంది.

"ఏలూరులో ఒక్క డాక్టరు చూస్తాడత్తయ్యా. నేనడిగితే ప్రపంచమంతా చూస్తుంది."

అన్నంత పనీ చేశాడు. అంత పెద్దవాళ్ళ మధ్య 'మా ఆవిడ' అనడం డైరెక్టరుకి నామోషీ. 'మా కేంద్రానికి ఒక రోగి వచ్చింది, తలనొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి' అని ఫోనుకి చెప్పాడు. ఫోనుకి తెలుగు మాటలు తెలుసుగాని తెలుగువాళ్ళు తెలియరు. కనుగుడ్లు గిరగిరా తిరుగుతున్నాయని ఇంగ్లీషులో రాసేసింది. ఆ సంగతి ముత్యాలరాజుకి తెలియలేదు.

గుంపంతా కదిలింది. కనుగుడ్లు ఏ వైపు తిరుగుతున్నాయి? కుడికా, ఎడమకా? నిద్రలోనూ తిరుగుతాయా? బ్రెజిల్ నుంచి చదువుకునే కుర్రాడొకడు, తలకి స్కాన్ తీశారా అని అడిగాడు.

ముత్యాలరాజు పాక చుట్టూ చూశాడు. స్కాన్ తీయని పరిశోధన కేంద్రం ఏం కేంద్రం? "తీశాం, అంతా బాగానే ఉంది" అని చెప్పాడు.

ఆ మాట మీద వాళ్ళ వాదన మారిపోయింది. స్కాన్ బాగుండి, పరీక్షలో కనుగుడ్లు వాటంతటవి తిరగకపోతే తొందరపడాల్సింది ఏమీ లేదని జర్మనీ ఆవిడ తేల్చింది.

ఇంటికొచ్చి దేవిని గుమ్మంలో కూర్చోబెట్టి కళ్ళలోకి టార్చి వేశాడు. కుడికి చూడమన్నాడు, ఎడమకి చూడమన్నాడు.

"నీ కళ్ళు తిరగట్లేదే."

"నాకు తిరుగుతున్నాయంటే నమ్మరేంటండీ?"

"మనం అనుకునే తిరగడం వేరు. సైన్సు ప్రకారం తిరగట్లేదు."

దేవి నవ్వింది. అన్ని దేశాలవాళ్ళు కలిసి చెప్పాక తనేం చెబుతుంది? మర్నాడు పనిలోకి వెళ్ళింది. వారం తరవాత, ట్రేల మీద రాసిన అంకెలు మసగ్గా కనబడుతున్నాయంది. ఐసు పొగ అన్నాడు ముత్యాలరాజు. రోజూ టార్చి మాత్రం వేస్తూనే ఉన్నాడు. రోజూ కళ్ళు నిలకడగానే ఉండేవి.

ఒక పొద్దున్న ఐసు కొడుతూ కొడుతూ ట్రేల మీద పడిపోయింది. చేపల వ్యానులోనే ఏలూరు తీసుకెళ్ళారు. మెదడు వెనక గడ్డ ఉందన్నారు. దానివల్ల లోపల నీరు కట్టేసిందట. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది.

"తలలో ఒత్తిడికి చూపు నరాలు దెబ్బతిన్నాయండీ" అన్నాడు డాక్టరు. "ఇక చూపు రాదు. మొదట్లోనే తీసుకొచ్చుంటే, కంట్లో లైటేసి లోపలి నరం వాపు చూడగానే మాకు అనుమానం వచ్చేది."

లైటు నేనూ వేశానండీ అనబోయి ముత్యాలరాజు ఊరుకున్నాడు.

ఇంటిదగ్గర ఒంటరిగా ఉంచలేక దేవిని రోజూ పాకకి తెచ్చుకునేవాడు. ఆమె తవుడు బస్తాకి ఆనుకుని కూర్చునేది. వీరాస్వామి ఇప్పుడు డైరెక్టరూ అని పిలవడం లేదు. ఒక మధ్యాహ్నం ముత్యాలరాజు మేత సంచికి ముడి వేస్తుంటే, బస్తా మీదున్న ఫోను తనంతట తనే చదవడం మొదలుపెట్టింది. ఆ బ్రెజిల్ కుర్రాడు.

"డైరెక్టరు గారూ, మీ రోగి గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. స్కాన్ బాగుందన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే వెంటనే ఆసుపత్రికి పంపమని ఆ రోజే బతిమాలేవాడిని. ఆమె ఎలా ఉన్నారు?"

ముత్యాలరాజు చేతులు తుడుచుకోకుండానే వచ్చి ఫోను నొక్కేశాడు.

"ఏ స్కానండీ?" అంది దేవి, ఫోను ఉన్నవైపు మొహం తిప్పి.

అతను ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు స్కాన్ తీశారని చెప్పారా ఆళ్ళకి? అప్పట్లోనే?"

"చెప్పాను."

దేవి బస్తా తడుముకుంటూ లేచి నిలబడింది. పట్టుకోవడానికి అతను వస్తున్న చప్పుడు విని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా అమ్మకి ఫోను చేయండి" అంది. "వచ్చి నన్ను తీసుకెళ్ళమనండి. ఎందుకని అడిగితే మీరేం చెప్పకండి. నేనే చెప్పుకుంటాను."