కిటికీ వైపు తిప్పిన కంప్యూటర్

ఇది ఇంతకుముందే రాయాల్సింది. కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. నౌకరీ దిగిపోయాక, వయోజనుల బడిలో కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా చాలాకాలం చెయ్యి ఆడలేదు. ఇందులో ఉన్నది నా పాడుబుద్ధి.

ఎనభైల చివర్లో జనగామలోని ఒక ఆఫీసులో అటెండరుగా చేసేదాన్ని. పింఛను దరఖాస్తులు ఊరికొక మూటగా ఉండేవి. చదవలేను కనక మూటకొక పాత చీర అంచు కట్టి గుర్తు పెట్టుకున్నాను. చిల్పూరుకు పసుపు అంచు. జనం కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, మా కాయితం ఏడిదాంక వచ్చింది?" అని నన్నే అడిగేవారు.

ఆ ఎండాకాలం కంప్యూటరు వచ్చింది. దాన్ని నడపడానికి హన్మకొండ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మిషనుకూ ఆమెకూ కలిపి ఒక గదికి సున్నం వేసి, ఏసీ పెట్టారు. కరెంటు వల్ల మిషను చెడిపోకుండా గోడ వెనక గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ నింపి, ఎర్తు తీగ దించారు. రోజూ అందులో రెండు బిందెల నీళ్లు పొయ్యడం నా పని. ఎండలో నేను, చల్లగాలిలో ఆమె.

"ఇగ నీ పేలికల దుకాణం బంద్ అక్కా!" అని గుమాస్తా నవ్వాడు.

దరఖాస్తులన్నీ అందులోకి ఎక్కించి, తెరను కిటికీ వైపు తిప్పుతారట. ఎవరొచ్చి అడిగినా అదే చెబుతుందట. "చూసుడు అందరిది, మార్చుడు నా ఒక్కదానిది. తాళం లెక్క ఒక మాట పెట్టిన," అంది ఆ అమ్మాయి. ఆ మాటేమిటో నాకు చెప్పలేదు. నా కడుపు మండింది.

"ఇంకేమన్న మూటలున్నయా అక్కా?" అని అడిగింది, నేనిచ్చినవి ఎక్కిస్తూ.

"లేవు బిడ్డా. గిన్నే."

చిల్పూరు మూటను విరిగిన కుర్చీల వెనక దాచాను. మిషను నోరు మూస్తే జనం మళ్లీ నా వైపే తిరుగుతారని నా ఆశ.

తెర తిప్పిన రోజు వరసలో రెండో మనిషి చిల్పూరు ముసలావిడ. భర్త పోయాక పింఛను కోసం మూడేళ్లుగా తిరుగుతోంది. అమ్మాయి పేరు రెండుసార్లు కొట్టి చూసి, "నీ పేరు లేదవ్వా," అంది.

ముసలావిడ నన్ను అడుగుతుందని నిలబడ్డాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

"మిషనే లేదన్నంక ఇగ ఎవ్వలనడగాలె," అని కొంగు దులుపుకుని మెట్లు దిగింది. పిలుద్దామంటే నా దొంగతనం బయటపడుతుంది. అబద్ధం నాది, నమ్మకం మాత్రం మిషనుకే దక్కింది. ఆ మంటతోనే ఇంటికి పోయాను. అన్నం ముందు కూర్చుంటే, మెట్లు దిగుతున్న ఆమె వీపే కనబడింది.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే మూట తెచ్చి అమ్మాయి బల్ల మీద పెట్టాను.

"నేనే దాచిన."

ఆమె మూటను దగ్గరికి లాక్కుని పసుపు అంచు ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను బస్టాండుకు నడిచి, ముసలావిడను తీసుకురావడానికి చిల్పూరు బస్సెక్కాను.