రెండో రింగు

ఆవిడను కస్టమర్లెవరూ పేరుతో పిలవరు. "రెండో రింగు" అంటారు. ఫోను ఒకసారి మోగగానే ఆవిడ చెయ్యి దానిమీద ఉంటుంది, రెండోది పూర్తయ్యేలోపు "చెప్పండి" అనేస్తుంది. ఎవరిదో ఏంటో చూడదు. మోగిందంటే ఎవరి వెబ్‌సైటో ఆగింది, సైటు ఆగిందంటే వాళ్ల వ్యాపారం ఆగింది. ఆవిడ లెక్క అంతే.

టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదే వాళ్ల హోస్టింగ్ కంపెనీ. కంపెనీ అంటే ఏదో ఊహించుకోకండి. మరిది, వదిన, ఒక ఫోను. చిన్న వ్యాపారుల సైట్లను తమ మెషీన్లలో ఉంచుకుని నెలనెలా అద్దె తీసుకుంటారు. మెషీన్లను మరిది చూసుకుంటాడు, మనుషుల్ని వదిన చూసుకుంటుంది. ఏది కష్టమో నన్నడక్కండి.

చాలాకాలంగా కొత్త కస్టమరు ఒక్కడూ గడప తొక్కలేదు. పెద్ద కంపెనీలు సగం ధరకే ఇస్తుంటే వీళ్ల మొహం ఎవరు చూస్తారు? పోనీ తామూ తగ్గిద్దామా అంటే పాతవాళ్లంతా ఆ ధరకే దిగిపోతారు, అప్పుడు మెషీన్ల ఖర్చు కూడా రాదు. మరిదికి తిండి సయించడం మానేసింది.

"కొత్తవాళ్లకు మాత్రం చవక ప్లాన్ పెడదాం వదినా. పాతవాళ్లు ఎంత కడుతున్నారో అంతే కడతారు. వాళ్లకేం చెప్పొద్దు."

"అడిగితే?"

"అప్పుడు చూద్దాం. అబద్ధం చెప్పక్కర్లేదు, నువ్వు నోరు మెదపకపోతే చాలు."

"నోరు మెదపడమే కదయ్యా నా ఉద్యోగం. ఒకే సరుకు వాళ్లకో ధరకీ వీళ్లకో ధరకీ అమ్మితే ఏ మొహం పెట్టుకుని మాట్లాడమంటావు? ఏదో ఒక తేడా ఉండాలి."

తేడా కోసం తలలు బద్దలు కొట్టుకున్నారు. మెషీన్లు అవే, అందులో ఇచ్చే చోటూ అంతే. చివరికి తేలిందేమిటంటే, ఆ తేడా ఆవిడే. పాత ప్లాన్‌లో ఫోను ఉంటుంది. కొత్తదానిలో ఉండదు, మెసేజ్ రాయాలి. మరిది వచ్చిన వరసలో చూసి మర్నాటిలోగా జవాబిస్తాడు. ఆ మాట తోచగానే మరిదికి ప్రాణం లేచొచ్చింది.

"కానీ వదినా, పాపం కదా అని కొత్తవాళ్లలో ఒక్కరికి ఫోన్లో సాయం చేశావో, ఆ తేడా కాస్తా పోతుంది. పాతవాళ్లు ఒక్కరూ మిగలరు. ఇక ఈ గదులకు తాళమే."

"నేనేమన్నా చిన్నపిల్లనా," అందావిడ.

కొత్త ధర సైటులో పెట్టిన రోజు నుంచీ ఫోను మోగితే చాలు ఆవిడ గుండె దడదడలాడేది. మొట్టమొదట బేకరీ పెద్దాయన చేశాడు. ఎన్నో ఏళ్లుగా ఉన్న కస్టమరు.

"ఏమ్మా రెండో రింగూ, కొత్తవాళ్లకు సగానికే ఇస్తున్నారట. నా చెవిలో పువ్వు పెట్టారా?"

ఆవిడ దాచలేదు. "నిజమేనండీ. సగం ధరే. దానికి ఫోను ఉండదు, రాసి పంపాలి. కావాలంటే ఇప్పుడే మార్చేస్తాను."

అవతల ట్రేల చప్పుడు వినిపిస్తోంది. మరిది కుర్చీలో బిగుసుకుపోయాడు.

"ఆ రోజు కేకుల ఆర్డర్లన్నీ ఆగిపోయినప్పుడు నువ్వు ఎత్తకపోతే నా గతేమయ్యేది? నా ఫోను నాకుండనీ. మా మేనకోడలు, పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతుంది, దానికి ఆ చవకది చాలు. పంపిస్తాలే."

ఆ తర్వాత చాలామంది అడిగారు, ఆవిడ అందరికీ అదే చెప్పింది. కొద్దిమంది మారారు, ఎక్కువమంది ఉండిపోయారు. కొత్తవాళ్లూ వచ్చారు. మరిది మళ్లీ ఈల వేయడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున ఫోను మోగింది. అలవాటు ప్రకారం ఎత్తేసింది.

"అక్కా, నా పేజీ తెల్లగా అయిపోయింది. క్లాసుల్లో చేరడానికి ఇవాళే ఆఖరు. తల్లులు ఒకటే ఫోన్లు. మా మావయ్య మీ నంబరిచ్చాడు, బేకరీ మావయ్య."

ఏం జరిగిందో ఆవిడకు వినగానే తెలిసిపోయింది. చిటికెలో అయిపోయే పని. అప్పటికే చెయ్యి కీబోర్డు మీదకు వెళ్లింది. మరిది తిరిగి చూశాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఈ పిల్లకు సాయం చేస్తే సాయంత్రానికల్లా బేకరీ పెద్దాయనకు తెలుస్తుంది. ఆయనకు తెలిస్తే ఊరంతటికీ తెలిసినట్టే.

"మీ ప్లాన్‌కు ఫోను లేదమ్మా. మెసేజ్ రాయండి. రేపటిలోగా జవాబొస్తుంది."

"రేపటికి ఇంకేముంటుందక్కా?"

ఆవిడ ఫోను పెట్టేసింది. అవతలి మనిషి కష్టంలో ఉండగా పెట్టేయడం ఆవిడ బతుకులో అదే మొదలు. ఆ పిల్ల మెసేజ్ వచ్చింది, ముందువాళ్ల వెనక నిలబడింది. దాని వంతు వచ్చేసరికి పొద్దు పోయింది.

మర్నాడు బేకరీ పెద్దాయన చేశాడు. "మా పిల్ల ఫోను పెట్టేశావట."

"అవునండీ," అందావిడ.

"రాత్రి ఒకటే ఏడుపు. సగం మంది పిల్లలు వేరేచోట చేరిపోయారట. ఉన్నమాట చెప్తున్నా. నువ్వు దానికి ఫోన్లోనే చేసిపెట్టి ఉంటే, పొద్దున్నే నేనూ ఆ చవకదానికి మారేవాణ్ణి. ఇక మారను." మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియకుండా పెట్టేశాడు.

"చూశావా వదినా," అన్నాడు మరిది సంగతి విని, మొహం వెలిగిపోతుంటే. "ఒక్కరూ పోలేదు."

"అవునయ్యా, ఎవరూ పోలేదు," అంది. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆపుకుంది.

అంతలో ఫోను మోగింది. చెయ్యి దానిదాకా వెళ్లి ఆగిపోయింది. పాతవాళ్లా, కొత్తవాళ్లా? ఫోను మీద చిన్న తెర ఉందన్న సంగతే ఇన్నాళ్లూ ఆవిడ పట్టించుకోలేదు. వంగి నంబరు చూసింది, కంప్యూటర్లో కొట్టి వెతికింది. పాతవాళ్లే. అప్పుడు ఎత్తింది.

"చెప్పండి."

అవతల కళ్లద్దాల షాపావిడ. "ఏంటి రెండో రింగూ," అంది, "నాలుగుసార్లు మోగింది. ఒంట్లో బాలేదా?"